ఊదా రంగు తిరిగిన బంగారం: అల్‌హంబ్రా గార అలంకారాలపై ఒక కేస్ స్టడీ

స్పెయిన్ దక్షిణ భాగంలో, గ్రనాడా నగరాన్ని ఆనుకొని ఉన్న సబీకా గుట్ట మీది అల్‌హంబ్రా రాజభవనాల్లో, ఒకప్పుడు బంగారు రేకు అద్దిన 14వ శతాబ్దపు జిప్సం అలంకారాల మీద అక్కడక్కడా ఊదా రంగు కనిపిస్తుంది. ఇది ఎక్కడిదన్న ప్రశ్నకు గ్రనాడా విశ్వవిద్యాలయానికి చెందిన కరోలినా కార్డెల్, ఇసబెల్ గెర్రా 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో జవాబు ప్రచురించారు. అది ఎవరో పూసిన రంగు కాదు, బంగారమే. అయితే క్షయానికి లోనై, కరిగి, దాదాపు 70 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) వ్యాసం గల గోళాలుగా మళ్లీ పేరుకున్న బంగారం. చారిత్రక కట్టడాల పదార్థ విశ్లేషణ వృత్తిగా ఉన్న నేను ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. ఇందులో ఏయే మూలకాలు ఉన్నాయో మొదటి గంటలోనే తెలిసిపోతుంది, కానీ ఆ జాబితా చూసి ఎవరూ సరైన నిర్ణయానికి రాలేరు. మూలకాల పట్టికకూ పదార్థపు అసలు స్థితికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ ఇస్లామీయ అలంకార కళలో మరొకటి నాకు తెలియదు.

కట్టడం, దాని అలంకార పద్ధతి

గ్రనాడాను పాలించిన ముస్లిం రాజవంశమైన నస్రిద్ వంశ స్థాపకుడు మొదటి ముహమ్మద్ 1238లో ఈ గుట్ట మీద కోట పని మొదలుపెట్టాడు. నేడు సందర్శకులు చూసే అలంకార వైభవంలో ఎక్కువ భాగం ఒక శతాబ్దం తరువాతది. సింహాల ప్రాంగణం అయిదవ ముహమ్మద్ రెండవసారి పాలించిన కాలంలో, అంటే 1362-1391 మధ్య కట్టించినది. గోడ అడుగు భాగంలో కోసి అతికిన మెరుగు పలకల పని, దాని పైన చెక్కిన లేదా అచ్చు పోసిన జిప్సం గార, ఆ పైన తేనెపట్టులా గదులు గదులుగా వేలాడే ముఖర్నాస్ కప్పులు లేదా చెక్క కప్పులు ఉంటాయి. జిప్సం ఆ ప్రాంతంలో సమృద్ధిగా దొరుకుతుంది, సున్నపురాయితో పోలిస్తే చాలా తక్కువ వేడికే, 150 డిగ్రీల సెల్సియస్ లోపే, నీటిని వదిలి పొడిగా మారుతుంది, నీళ్లు కలిపితే నిమిషాల్లో గట్టిపడుతుంది. అందుకే ఇంత విస్తారమైన పని అంత వేగంగా సాగింది.

మన దగ్గర పనిచేసేవారు ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. 1591 నాటి చార్మినార్ మీదా, గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల మీదా ఉన్న అలంకారం సున్నపు గచ్చు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని రాయిలా మారుతుంది, నీటిలో దాదాపు కరగదు. జిప్సం అలా కాదు, లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. అందుచేత గచ్చు మీద నిర్భయంగా చేసే తడి శుభ్రత జిప్సం మీద చేస్తే అలంకారపు అంచులే మొద్దుబారిపోతాయి. నమూనా తీసిన తరువాత ప్రయోగశాలలో కూడా ఈ తేడా వెంటాడుతుంది, దాని గురించి కింద చెబుతాను.

రంగుల విషయానికి వస్తే, గార మీద ప్రధానంగా కనిపించేవి నీలం, ఎరుపు, బంగారం. హాయెన్ విశ్వవిద్యాలయ బృందం రాజుల మందిరంలో పరిరక్షణ పనులు జరుగుతున్నప్పుడు లేజరు కాంతి చెదిరే తీరును బట్టి సమ్మేళనాన్ని గుర్తించే రామన్ యంత్రాన్ని పరంజా పైకే తీసుకెళ్లి, ముఖర్నాస్‌ను ముట్టకుండానే చేసిన పరిశీలనల్లో, నీలం లాజవర్దం అనే నీలిరాతి పొడి అనీ, ఎరుపు ఇంగిలీకం (పాదరసం, గంధకం కలిసిన ఎర్ర వర్ణకం) అనీ తేలింది. 19వ శతాబ్దపు మరమ్మతుల్లో వాడిన కృత్రిమ అల్ట్రామెరైన్ (ఫ్యాక్టరీలో తయారైన అదే నీలం) కూడా వాటి పక్కనే బయటపడింది. సహజమైన లాజవర్దానికీ కృత్రిమ నీలానికీ రంగునిచ్చే గంధకపు అయాన్ ఒకటే కాబట్టి రామన్ వర్ణపటంలో ప్రధాన పట్టీ రెండింటికీ ఒకే చోట వస్తుంది. సహజ రాతితో పాటు వచ్చే డయాప్సైడ్ వంటి ఖనిజాల జాడ, సూక్ష్మదర్శినిలో పలుకులు పలుకులుగా కనిపించే ముక్కల ఆకారం, ఇవి చూసి గానీ వేరు చేయలేము. ఫ్యాక్టరీ నీలం గుండ్రంగా, సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. ఇక్కడా మూలకాల పట్టిక ఒకటే, చరిత్ర వేరు.

బంగారం అద్దిన తీరు ఈ కేసుకు కీలకం. బంగారు రేకును నేరుగా గార మీద అతికించలేదు. దాని కింద తగరపు రేకు పరిచారు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే ఆ తగరమే. రంధ్రాలు నిండిన జిప్సం మీద అతి పలుచని బంగారు రేకు ముడతలు పడి చిరిగిపోతుంది, కింద తగరం ఉంటే నునుపైన తలం, లోహపు మెరుపు రెండూ వస్తాయి, బంగారం కూడా తక్కువ పడుతుంది. పనివాడి దృష్టిలో ఇది తెలివైన ఏర్పాటు. రసాయన శాస్త్రం దృష్టిలో మాత్రం రెండు భిన్న లోహాలను, తేమను పట్టి ఉంచే లవణపు పునాది మీద, ఒకదానికొకటి ఆనించి పెట్టడమే.

ప్రశ్న ఎక్కడ మొదలైంది

1492లో గ్రనాడా క్రైస్తవ రాజుల వశమైన తరువాత ఈ భవనాలకు ఎన్నోసార్లు రంగులు వేశారు, మరమ్మతులు చేశారు. బ్రిటిష్ వాస్తుశిల్పి ఓవెన్ జోన్స్ 1834లో ఫ్రెంచ్ సహచరుడు జూల్ గూరీతో కలిసి వచ్చి కొలతలు తీసుకున్నాడు. గూరీ ఆ ఏడాదే కలరాతో అక్కడే మరణించాడు, జోన్స్ 1837లో మళ్లీ వచ్చి పని పూర్తి చేశాడు. గార మీద నీలం, ఎరుపు, బంగారపు పసుపు అనే మూల వర్ణాలే ఉన్నాయని, ఊదా, ఆకుపచ్చ, నారింజ వంటి మిశ్రమ వర్ణాలు కింది పలకల పనికే పరిమితమని జోన్స్ వాదించాడు. ఆయన వర్ణ సిద్ధాంతాన్ని అతిగా నమ్మాడన్నది నిజమే, కానీ గార మీద ఊదా అనేది నస్రిద్ పనివారి పథకంలో ఇమడదన్న ఆ పరిశీలన ఇప్పటి ఫలితంతో సరిపోతుంది.

1847 నుంచి రఫాయెల్ కొంట్రేరాస్ ఇక్కడ అలంకార పునరుద్ధరణ చేపట్టాడు. ఆ శతాబ్దంలో అలంకారాలను కొత్తగా కనిపించేలా చేయడమే లక్ష్యం. వన్నె తగ్గి నల్లబడిన బంగారు పూత అందవికారంగా ఉందని, దాని మీద తెల్లని జిప్సం పూత వేసి కప్పేశారు. 1923లో బాధ్యతలు చేపట్టిన లియొపోల్డో టొర్రెస్ బాల్బాస్ ఊహతో చేసిన చేర్పులను కొన్నిచోట్ల తీసివేశాడు, సింహాల ప్రాంగణంలోని ఒక మంటపం మీద 19వ శతాబ్దంలో చేర్చిన గుమ్మటాన్ని తొలగించినది కూడా ఆయనే. అంటే ఊదా మరక ఎదుట నిలబడిన విశ్లేషకుడి ముందు కనీసం మూడు కాలాల పదార్థాలు ఉన్నాయి. మొదటి అనుమానం సహజంగానే పునరుద్ధరణ రంగు మీదికి పోతుంది. రెండవది ఎరుపు, నీలం కలిపిన పాత మిశ్రమం. మూడవది లక్క వంటి సేంద్రియ వర్ణకం. లోహమే రంగు మారిందన్న ఆలోచన ఈ వరుసలో చివరన వస్తుంది, ఎందుకంటే బంగారం చెడదన్నది రసాయన శాస్త్రవేత్తలకు కూడా అలవాటైన నమ్మకం.

పరీక్షల వరుస, వాటి పరిమితులు

ఇలాంటి మరక మీద ఎవరైనా మొదట పెట్టేది చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం. ఎక్స్‌రే తగిలినప్పుడు ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన శక్తుల దగ్గర తిరిగి వెలువరించే ఎక్స్‌రేలను (వీటినే ఎల్, కె రేఖలు అంటారు) చదివి అది మూలకాలను చెబుతుంది. పాదరసం కనిపిస్తే ఇంగిలీకం, కోబాల్ట్ కనిపిస్తే నీలి గాజు పొడి, ఇలా అనుమానితులను ఒక్కొక్కరినే తప్పించవచ్చు. కానీ జిప్సం పునాది మీద తగరాన్ని పట్టుకోవడంలో ఒక చిక్కు ఉంది. తగరపు ఎల్ రేఖ 3.44 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర వస్తుంది, కాల్షియం ప్రధాన రేఖ 3.69 దగ్గర వస్తుంది. గార నిండా కాల్షియమే కాబట్టి తగరపు చిన్న శిఖరం ఆ పెద్ద శిఖరపు భుజంలో కలిసిపోతుంది. తగరాన్ని నిస్సందేహంగా చూడాలంటే 25.27 దగ్గర వచ్చే కె రేఖను వెతకాలి, అందుకు ట్యూబును 40 కిలోవోల్టులు, అంతకు పైన నడపాలి. తక్కువ వోల్టేజిలో తీసిన వర్ణపటాలు చూసి ‘తగరం లేదు’ అని రాసిన నివేదికలను నేను నమ్మను. బంగారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. దాని ఎల్ ఆల్ఫా రేఖ 9.71 దగ్గర, పాదరసానిది 9.99 దగ్గర వస్తాయి. పక్కనే ఇంగిలీకం పూసిన గీత ఉంటే రెండూ ఒకే మెట్ట మీద కనిపిస్తాయి.

యంత్రాన్ని సరిగా నడిపాం, బంగారం, తగరం, కాల్షియం, గంధకం, కాస్త క్లోరిన్ వచ్చాయనుకుందాం. ఊదా మరక మీదా, పక్కనే పసుపుగా మిగిలిన రేకు మీదా వచ్చే జాబితా ఒకటే. ఎక్స్‌రే కిరణానికి రేకు రూపంలో ఉన్న బంగారం, నలుసుల రూపంలో ఉన్న బంగారం వేరు కావు. రామన్ యంత్రం ఇక్కడ ఇంకా నిస్సహాయం, ఎందుకంటే లోహాలకు రామన్ వర్ణపటం ఉండదు. అది మహా అయితే తగరపు ఆక్సైడ్‌ను, తరంగసంఖ్య 633 దగ్గరి పట్టీతో, చూపగలదు. కాబట్టి ముట్టకుండా చేసే పరీక్షలతోనే కేసు ముగించాలన్న నేటి పట్టుదల ఈ విషయంలో దారి మూసేస్తుంది. ఆవగింజలో సగమంత నమూనా తీయక తప్పదు, తీయడాన్ని సమర్థించుకోగలిగే సందర్భం కూడా ఇదే.

ఆ నలుసును రెసిన్‌లో పొదిగి, పొరలు అడ్డంగా కనిపించేలా నునుపు చేయడం ఒక ప్రత్యేకమైన పని. సున్నపు గచ్చు నమూనాలకు మామూలుగా నీటితో చేసే రాపిడి జిప్సంకు పనికిరాదు, పునాదే కరిగిపోయి పొరలు కూలుతాయి. ఆల్కహాలుతో గానీ నూనెతో గానీ చేయాలి. బంగారం మెత్తన కాబట్టి రాపిడిలో అది పక్క పొర మీదికి పులుముకుంటుంది. ఆ పులుము చూసి ‘తగరపు పొరలోకి బంగారం చొచ్చుకుపోయింది’ అని అనుకోవడం చాలా సులభం. చివరి దశలో రాపిడి దిశ మార్చి రెండుసార్లు చూస్తే గానీ ఏది నిజమైన పొరో తేలదు.

స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో, వెనుదిరిగిన ఎలక్ట్రాన్లతో తీసిన చిత్రంలో, పరమాణు సంఖ్య ఎక్కువైన కొద్దీ తెల్లదనం పెరుగుతుంది. జిప్సం దాదాపు నల్లగా, తగరపు సమ్మేళనాలు బూడిద రంగులో, బంగారం కళ్లు చెదిరేంత తెల్లగా కనిపిస్తాయి. చెక్కుచెదరని పూతలో ఈ మూడూ వరుసగా, గీత గీసినట్టు ఉండాలి. అల్‌హంబ్రా నమూనాల్లో ఆ క్రమం చెదిరిపోయి ఉంది: తగరం క్షయమై ఉబ్బింది, దాని ఉత్పన్నాలు బంగారు రేకు పగుళ్లలోంచి పైకి వచ్చాయి, వాటి మీద మురికి పేరుకుంది. ఊదా రంగును ఇచ్చే నలుసులు మాత్రం ఈ స్థాయిలో విడివిడిగా దొరకవు, ఎందుకంటే మామూలు వోల్టేజి దగ్గర మూలక విశ్లేషణ ఒక మైక్రోమీటరు పరిధిని కలిపి చదువుతుంది, నలుసులు అందులో పదో వంతు కూడా లేవు. అధిక విభేదన శక్తి గల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో, నానోమీటర్ల స్థాయికి దిగాక, దాదాపు 70 నానోమీటర్ల బంగారు గోళాలు బయటపడ్డాయి.

ఊదా ఎందుకు

నాణెంలోనో నగలోనో ఉన్న బంగారం నీలి కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి పసుపుగా కనిపిస్తుంది. అదే బంగారం పదుల నానోమీటర్ల గోళాలుగా విడిపోతే, దానిలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఒక్కుమ్మడిగా ఊగి, ఆకుపచ్చ ప్రాంతంలోని కాంతిని పట్టేస్తాయి. 20 నానోమీటర్ల గోళాలకు ఇది 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టూ జరిగి కెంపు ఎరుపు వస్తుంది. 70కి చేరేసరికి అది 550 వైపు జరుగుతుంది. ఆకుపచ్చ తీసేస్తే మిగిలేవి ఎరుపు, నీలం, అంటే ఊదా. కింద తెల్లని జిప్సం ఉన్నచోట ఈ రంగు బాగా తేలుతుంది. బంగారు ద్రావణాల రంగు నలుసుల పరిమాణాన్ని బట్టి మారుతుందని మైకేల్ ఫారడే 1857లోనే ప్రయోగాలు చేసి చెప్పాడు.

బంగారం ఎలా కరిగింది

రచయితలు ప్రతిపాదించిన యంత్రాంగంలో రెండు దశలున్నాయి. మొదటిది రెండు లోహాల స్పర్శ వల్ల వచ్చే గాల్వానిక్ క్షయం. తగరపు ప్రమాణ విభవం (ఇది ఎంత తక్కువైతే లోహం అంత సులభంగా కరుగుతుంది) మైనస్ 0.14 వోల్టులు, బంగారానిది ప్లస్ 1.5 వోల్టులు. రేకులోని సూదిమొన రంధ్రాల గుండా తేమ చేరిన వెంటనే అక్కడొక చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది, అందులో అరిగేది ఎప్పుడూ తగరమే. బంగారపు తలం విశాలం, బయటపడిన తగరపు తలం రవ్వంత. కాబట్టి క్షయం ఆ రవ్వంత చోటనే కేంద్రీకృతమై లోతుకు పోతుంది.

ఇంతవరకు ఏ లోహశాస్త్ర విద్యార్థి అయినా ఊహించగలడు. రెండవ దశ అసలైన విషయం. పైకి పొంగిన తగరపు ఉత్పన్నాలూ, మురికీ కలిసి బంగారు రేకును కొన్నిచోట్ల కప్పేశాయి. కప్పు కింద ఆక్సిజన్ అందదు, పక్కన అందుతుంది. ఒకే లోహపు రెండు భాగాల మధ్య ఆక్సిజన్ తేడా ఉంటే, తక్కువ అందే చోట లోహం కరగడం మొదలవుతుంది. ఇనుప పైపు మట్టి కింద తినిపోవడానికి కారణమైన ఈ సూత్రమే ఇక్కడ బంగారానికి వర్తించింది. అందుకు తోడ్పడినది క్లోరైడ్. క్లోరైడ్ సమక్షంలో బంగారం సంక్లిష్ట అయాన్‌గా మారుతుంది కాబట్టి దాని విభవం 1.5 నుంచి దాదాపు 1.0 వోల్టుకు దిగుతుంది. కరిగిన తగరపు అయాన్లు నీటితో చర్య జరిపి ఆ ఇరుకు చోట ఆమ్లత్వాన్ని పెంచుతాయన్నది నేను దీనికి జోడించే మాట. ఆమ్లత్వం, గాఢమైన క్లోరైడ్ రెండూ లేకుండా గాలిలోని ఆక్సిజన్ ఒక్కటే బంగారాన్ని కదిలించడం చాలా కష్టం. క్లోరైడ్‌కు మూలంగా మధ్యధరా సముద్రం మీదుగా వచ్చే ఉప్పు తేమను రచయితలు చూపారు. సముద్రం అక్కడికి అరవై కిలోమీటర్ల లోపే ఉంది. శతాబ్దాలు పట్టే ప్రక్రియకు ఆ కొద్దిపాటి ఉప్పు చాలు.

కరిగిన బంగారం అలాగే ఉండిపోదు, కొద్ది దూరంలోనే మళ్లీ లోహంగా, ఈసారి గోళాలుగా, పేరుకుంటుంది. ప్రయోగశాలలో బంగారు క్లోరైడ్ ద్రావణానికి తగరపు క్లోరైడ్ కలిపితే ఊదా అవక్షేపం వస్తుంది. 17వ శతాబ్దం నుంచి గాజుకు కెంపు రంగు ఇవ్వడానికి వాడిన కాసియస్ ఊదా అదే. బంగారం, తగరం, క్లోరైడ్ అనే ముగ్గురూ రెండుచోట్లా ఉన్నారు. అంతమాత్రాన గోడ మీద జరిగినది పరీక్షనాళికలో జరిగినదేనని రాయడం తొందరపాటు. గోడ మీద ముందుగా బంగారం కరగాలి, దానికి పైన చెప్పిన ఆక్సిజన్ తేడాయే కావాలి. ఈ కేసును జనాదరణ శైలిలో చెప్పేవారు సాధారణంగా వదిలేసేది ఈ మెట్టునే.

చికిత్స మీద దీని ప్రభావం

విశ్లేషణకు ముందు ఊదా మరక ‘తరువాతి కాలపు రంగు’ అని నమోదై ఉంటే, శుభ్రత బృందం దాన్ని తీసేసి ఉండేది, అది నియమావళి ప్రకారం తప్పు కూడా కాదు. విశ్లేషణ తరువాత అది నస్రిద్ బంగారంలో మిగిలిన భాగం, అంటే మూల పదార్థం. దాన్ని తుడవకూడదు, రసాయనాలతో ‘వన్నె తేవాలని’ ప్రయత్నించకూడదు. నలుసులను తిరిగి రేకుగా మార్చే ఉపాయం లేదు. 19వ శతాబ్దపు తెల్ల పూత సంగతి ఇంకా జటిలం. అది పాత పూతను దాచింది, తన తేమతో క్షయానికి సాయపడి ఉండవచ్చు, అయినా ఇప్పుడు దానికీ ఒక చరిత్ర ఉంది. జిప్సం మీద ఉన్న జిప్సాన్ని, మధ్యలో పెళుసైన తగరపు ఆక్సైడ్ ఉండగా, యాంత్రికంగా ఒలవడం అంటే బంగారాన్ని దానితో పాటు లాగేయడమే. ఊదా స్పష్టంగా ఉన్నచోట పూతను ముట్టవద్దని, పొర దానంతట అదే విడుతున్నచోట మాత్రమే అంచులను నీరు లేని బంధకంతో నిలపాలని నా అభిప్రాయం.

మన ప్రయోగశాలల అలవాట్లకు కూడా ఇందులో ఒక హెచ్చరిక ఉంది. గార ముక్క దొరకగానే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి పొంగు వస్తే సున్నమని, రాకపోతే జిప్సమని తేల్చడం మనకు అలవాటుగా మారిపోయింది. విడిపడిన ముక్క మీద, ప్రయోగశాలలో, అది మంచి పరీక్షే. కానీ బంగారు పూత ఉన్న గోడ మీదే ఆ చుక్క వేస్తే, ఆమ్లాన్నీ క్లోరైడ్‌నూ కలిపి సరిగ్గా ఎక్కడ ఉండకూడదో అక్కడ చేర్చినట్టవుతుంది.

పలకల పనిలోనూ ఇలాంటి సమస్యే వేరే రూపంలో ఎదురవుతుంది. హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో 1611 నాటి పలకల పనిలో, 1908 మూసీ వరదకు దెబ్బతిన్న కింది భాగం పోను, మిగిలిన వాటి రంగులు ఇప్పటికీ చూపరులను నిలబెడతాయి. ఇటువంటి మెరుగు మీద ఎక్స్‌రే యంత్రం సీసం, తగరం చూపితే, ఆ తగరం తెల్లదనం ఇచ్చే ఆక్సైడ్ స్ఫటికాలుగా ఉందా, సీసంతో కలిసి పసుపునిచ్చే సమ్మేళనంగా ఉందా అన్నది పట్టిక చెప్పదు. అదృష్టవశాత్తూ ఇక్కడ రెండూ రామన్‌కు దొరుకుతాయి, నమూనా తీయనవసరం లేదు.

అల్‌హంబ్రా విషయంలో ఇక మిగిలినది నిరంతర పర్యవేక్షణ. క్షయానికి కావలసిన తగరం, తేమ, క్లోరైడ్, ఆక్సిజన్ తేడా నాలుగింటిలో తగరాన్ని, ఆక్సిజన్‌ను మనం మార్చలేము. కాబట్టి తెరిచి ఉన్న ప్రాంగణాల పక్క గదుల్లో సాపేక్ష ఆర్ద్రత హెచ్చుతగ్గులను నమోదు చేయడం, పూత ఉన్న తలాల మీద ధూళి పేరుకోకుండా మెత్తని పొడి కుంచెతో, వాక్యూమ్‌తో తీయడం, ఊదా ఉన్న ఎంపిక చేసిన చోట్ల ఏటా అదే దీపం కింద పరావర్తన వర్ణపటం తీసి 550 నానోమీటర్ల చుట్టూ ఉండే పల్లం లోతును పోల్చి చూడడం, ఈ మూడూ చేయాలి. పల్లం లోతవుతూ పోతే బంగారం ఇంకా కరుగుతున్నట్టే. అప్పుడు గదిలోని తేమను తగ్గించే ఏర్పాటు గురించి వాస్తుశిల్పులతో మాట్లాడాలి.